పలకరింపుకు రాని మనిషి

కూతురు రూతు పోయాక ఐజాక్ ఇంట్లో మాటలకు కొదవ లేదు. కాకపోతే అన్నీ అవే మాటలు. వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుని "ఎట్లయిందప్పా?" అంటారు. ఐజాక్ మొదటినుంచి చెబుతాడు. దసరా సెలవులు, పిల్ల మేకలు తోలుకుపోయింది. పాత కంకర క్వారీ గుంతలో వాననీళ్ళు నిలిచాయి. మేక దిగింది, దాని వెనక పిల్ల దిగింది. విన్నవాళ్ళు కాసేపు తల వంచుకుని కూర్చుని, పోయొస్తామని చెప్పకుండా లేచిపోతారు. చావింట్లో ఆ మాట అనరు. అలాంటి పని మీద మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు?

చెప్పీ చెప్పీ ఐజాక్‌కు అదంతా పక్కింట్లో జరిగినట్టు అనిపించసాగింది. నోరు తన పని తాను చేసుకుపోతోంది. అన్నం పెడితే తింటున్నాడు, కంచం తీసేస్తే లేస్తున్నాడు. ఏడుపు రావడం లేదు. రావడం లేదని సిగ్గు కూడా పుట్టడం లేదు.

ఒక్క పని మాత్రం తనంతట తాను చేశాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో రాశాడు: "ఆ గుంతకు కంచె వేయించండి. ఇంకొకరి బిడ్డ పోకూడదు." గ్రూపులో సర్పంచి ఉన్నాడు, క్వారీ గుత్తేదారు లక్ష్మీపతి ఉన్నాడు. చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. కంచె మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అప్పుడొచ్చాడు విజయభాస్కర్. పుట్టపర్తిలో ఉంటాడట. అతన్ని గ్రూపులో చేర్చింది లక్ష్మీపతే. ఆ సంగతి ఐజాక్ చూశాడు గానీ తలకెక్కలేదు. "చాలా బాధగా ఉందన్నా. తప్పుగా అనుకోవద్దు, తెలుసుకుందామనే అడుగుతున్నా. ఎలా జరిగింది?" అని రాశాడతను.

పలకరింపే కదా అనుకున్నాడు ఐజాక్. ఊరికి రాలేనివాడు ఫోన్లో పలకరిస్తున్నాడు, అడిగినవాడికి చెప్పకపోతే బాగుండదు. మొదటినుంచి అంతా రాశాడు. పాపకు ఈత వచ్చా అని అడిగాడతను. రాదన్నా. గుంత లోతని ఇంట్లో తెలుసా? తెలుసన్నా. మరి ఆ టైములో వాళ్ళమ్మ ఎక్కడున్నారు? శెనక్కాయలు పెరికే కూలికి పోయిందన్నా. ప్రతి జవాబుకూ దండం పెట్టాడు, ఏ జవాబుతోనూ అతనికి కడుపు నిండలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ గ్రూపులో మాత్రం చెప్పేవాడే లోకువ. ఎంత మర్యాదస్తుడంటే, గొంతు కోసేముందు కత్తి కూడా కడుక్కుంటాడు.

సాయంత్రం అతను రాసినదాన్ని ఐజాక్ ఊరికే పైకి చదివాడు. "ధన్యవాదాలన్నా. మళ్ళీ వస్తా, ఇంకో చిన్న సందేహం ఉంది."

గోడకు ఆనుకుని కూర్చున్న భార్య కృపాకుమారి తలెత్తింది.

"మళ్ళీ వస్తా అనినాడా?"

"అనినాడు."

"సావింట్లో మళ్ళీ వస్తా అంటారా ఎవరన్నా? ఆయప్ప పలకరించేకి రాలేదు."

ఫోన్ తీసుకుని పైనుంచి చదివింది. కోపం లేదు ఆ ముఖంలో. "నేను యాడుంటినో ఆయప్పకు నువ్వే చెప్తివా?" అంది.

"అడిగినాడు" అన్నాడు ఐజాక్.

అంతలోనే విజయభాస్కర్ మళ్ళీ వచ్చాడు. "అంటే లోతని తెలుసు, ఈత రాదని తెలుసు, తల్లి దగ్గర లేదు. నేనెవరినీ తప్పు పట్టడం లేదు. మరి క్వారీవాళ్ళ తప్పు ఏముంది? తెలుసుకుందామనే." దానికింద బొటనవేళ్ళు లేచాయి. అందులో సర్పంచిదీ ఉంది. కడుపు మండాలి. మండలేదు. ఐజాక్ రాశాడు: "మీకు చెప్పేది అయిపోయిందన్నా. నేనడిగింది ఒకటే. కంచె ఎప్పుడేస్తారు?"

"కోపమెందుకన్నా, అడగడం కూడా తప్పేనా?"

"కంచె ఎప్పుడేస్తారు?"

"జవాబు చెప్పలేకపోతున్నారు. అర్థమైంది" అని రాశాడతను. దానికీ వేళ్ళు లేచాయి. ఐజాక్ ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాడు.

మరునాడు నల్లమాడ నుంచి ఐజాక్ పెద్దమ్మ కూతురు అక్కమ్మ వచ్చింది. కృపాకుమారి చెయ్యి పట్టుకుని బాగా ఏడ్చింది. ఎట్లయిందని మాత్రం అడగలేదు.

"ఎవరో పంపితే ఫోన్లో అంతా చూసినామమ్మా. బిడ్డ నీళ్ళలోకి పోతాంటే నువ్వు యాడుంటివి?"

అక్కమ్మ మనసులో విషం లేదు, నిజంగానే అడిగింది. పుట్టపర్తిలో పుట్టిన ప్రశ్న కన్నీళ్ళు పెట్టుకుని చాప మీదికి వచ్చేసింది. కృపాకుమారి "శెనక్కాయ కూలికి..." అని మొదలుపెట్టింది.

"ఆ గుంతకు కంచె లేదక్కా" అన్నాడు ఐజాక్.

"అది కాదప్పా, కన్నతల్లి గదా..."

"కంచె లేదక్కా. మేకను ఆపేంత కంప కూడా అడ్డం లేదు."

అక్కమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తల వంచుకుని కాసేపు కూర్చుని, పోయొస్తానని చెప్పకుండా లేచిపోయింది.

కృపాకుమారి గోడవైపు తిరిగి ఉంది. తిరక్కుండానే అడిగింది.

"అక్కకు నువ్వు చెప్పింది ఇంగొకసారి చెప్పు."

ఐజాక్ చెప్పబోయాడు. కంచె అనేదాకా వచ్చి, అక్కడే ఏడ్చేశాడు.