నాన్న వాంగ్మూలం

మా నాన్న మధుసూదన్ ముప్ఫై ఏళ్లుగా పోలీసు. ఆయన రిపోర్టుల్లో మనుషులుండరు, సిబ్బంది ఉంటారు. సిబ్బంది వెళ్తారు, సిబ్బంది గమనిస్తారు, సిబ్బంది తగు చర్య తీసుకుంటారు. ఇంట్లోనూ అదే పద్ధతి. గ్లాసు పగిలితే "పగిలింది" అంటారు. పగలగొట్టిన మనిషి సీతాఫల్‌మండి అంతా వెతికినా దొరకడు.

పోయిన నెల మోండా మార్కెట్ దగ్గర తుకారాం అనే ఉల్లిగడ్డల వ్యాపారిని గొడవ కేసులో అరెస్టు చేస్తుంటే, నలుగురు పోలీసుల చేతుల్లోనే అతని ప్రాణం పోయింది. ఆ నలుగురిలో నాన్న ఒకరు. రేపు మేజిస్ట్రేట్ విచారణ. తప్పు అందరిదా, ఒక్కరిదా అని ఠాణాలో రోజూ వాదనే. చివరికి అందరూ కొత్తగా చేరిన హరికిషన్ వైపు వేలు చూపిస్తున్నారు.

నాన్న చేతిరాత ఆయనకే అర్థం కాదు కాబట్టి వాంగ్మూలం నేను రాస్తున్నాను.

"సిబ్బంది అతన్ని అదుపులోకి తీసుకున్నరు. రాయి, ఊర్మిళా."

"ఏ సిబ్బంది నాన్నా? పేర్లు లేవా వాళ్లకు?" నవ్వాను.

"అందరం పట్టుకున్నం."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ ఊరుకోలేదు. "నలుగురు గల్సి ఒక్క చెయ్యే పట్టుకున్నరా ఏందయ్యా? గిట్ల చెప్తే జడ్జి సుత నవ్వుతడు," అంటూ పొడుగు దిండు తెచ్చి నేల మీద పడేసింది. "చూపియ్యి జెర."

నాన్న సిగ్గుపడుతూనే వంగారు. "హరికిషన్ కాళ్ల దిక్కు. గీ చెయ్యి ఒకడు, గా చెయ్యి ఒకడు..."

"మరి మా ఇంటి పెద్దసారు ఏడున్నడో?" అంది అమ్మ, నాన్నను ఆటపట్టిస్తూ.

నాన్న మోకాలు దిండు మీద, మనిషికైతే వీపు ఉండే చోట ఆనింది. ఆలోచించి పెట్టింది కాదు, దానంతటదే వెళ్లింది. మా నవ్వులు ఆగిపోయాయి.

"ఎంతసేపు?" అంది అమ్మ, మెల్లగా.

"బేడీలు పడేదాక." నాన్న దిండు వైపే చూస్తున్నారు. "పడినంక సుత. హరికిషన్ లెవ్వుమన్నడు. నేనే లెవ్వలే."

ఇంతసేపూ పేర్లు చెప్పమని వేధించింది నేనే. ఇప్పుడు నాకు భయమేసింది. ఉద్యోగం, పెన్షన్, జైలు అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

"నాన్నా, సిబ్బందిలో ఒకరు అని రాయనా?"

"వద్దు బిడ్డా. పేరు రాయి."

బడిలో చేరిన నాటి నుంచి ప్రతి దరఖాస్తులోనూ తండ్రి పేరు అన్నచోట గుండ్రంగా, గర్వంగా రాసిన పేరే అది. ఈసారి మూడు అక్షరాలకే కలం ఆగిపోయింది. మిగతావి ఆయన నా చేతి మీద చెయ్యి వేసి రాయించారు.