చెకింగ్ బల్లకి వేరే తాళం

"మూడుసార్లు తప్పు కొడితే తాళం పడిపోద్దంటున్నావు. నా వేళ్లకి నాలుగోసారికి గానీ సరిగ్గా పడదు కదే! అప్పుడేం గతి?" అంది పొన్నుత్తాయి, కూతురి పళ్లెంలో ఇంకో పణియారం వేస్తూ.

"కంప్యూటర్‌కి తాళం పడితే కొంప కూలదమ్మా. నాకు ఫోన్ చెయ్, తీస్తా," అంది కయల్.

పొన్నుత్తాయి మనసులో కొంప అప్పటికే కూలింది. తిరుప్పూర్‌లో ఇద్దరిదీ ఒకే బనియన్ కంపెనీ. తల్లి బనియన్లు సరిచూసే చెకింగ్ బల్ల దగ్గర, కూతురు కంప్యూటర్ గదిలో. కూతురు పెట్టిన రూలుకి తల్లే మొదట దొరికితే నలుగురూ ఏమంటారు? ఆ రూలు కూడా ఓనరు మొదలు దారాలు కత్తిరించే ఆడాళ్ల దాకా అందరికీ ఒకటే. బారెడు పాస్‌వర్డు, మూడు తప్పులకి తాళం.

భయపడినంతా అయింది. పక్క సీటు రాసాత్తి చంటిబిడ్డ కంపెనీ వెనక పిల్లల గదిలో ఉంటుంది. పాలిద్దామని రాసాత్తి లేస్తే, ఆమె చూసి కట్టిన బనియన్ కట్టల నంబర్లు కంప్యూటర్లో ఆమె పేరు మీద పొన్నుత్తాయే ఎక్కిస్తుంది. ఎవరు లేచినా పక్కవాళ్లు చూసుకోవడం ఆ బల్ల దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ రోజూ రాసాత్తి కొత్త పాస్‌వర్డు చెవిలో చెప్పి వెళ్లింది. పొన్నుత్తాయి మూడుసార్లూ తప్పు కొట్టింది. కయల్ ఫోన్ తియ్యలేదు. సూపర్‌వైజర్ వచ్చాడు.

"సీట్లో లేని మనిషి పేరుతో కొట్టిందెవరు? ఇకనుంచి భోజనానికి తప్ప ఎవరూ లేవడానికి లేదు!"

పాలు కారి రవిక తడిస్తే రాసాత్తి బనియన్ గుడ్డపీలిక అడ్డం పెట్టుకుని పని చేసింది. భోజనం వేళ పొన్నుత్తాయి పులిహోర ముందుకి జరిపితే మొహం తిప్పుకుంది. మర్నాడూ అంతే.

ఆ సాయంత్రం పొన్నుత్తాయి జరిగిందంతా చెప్పి కూతురితో అనేసింది: "ఆ రూలు మాకు కుదరదని చెప్తే నీ ఉద్యోగానికి ఏమవుద్దోనని భయం. చెప్పకపోతే ఆ పసిదాని కడుపు మాడుద్ది."

కయల్ జడ అల్లుకోవడం ఆపేసింది. "తప్పు నాదేనమ్మా. డబ్బు బీరువాకి వేసే తాళం తెచ్చి బియ్యం డబ్బాకి వేశాను."

మర్నాడు పొద్దున్నే కయల్ మేనేజర్ని కలిసి, తిన్నగా బల్ల దగ్గరికే వచ్చింది.

"లెక్కల గదికి పాత రూలే. మీకు వేరు. బల్లంతటికీ కలిపి ఒకటే పాస్‌వర్డు, ఎన్నిసార్లు తప్పినా తాళం పడదు. దాంతో కట్ట నంబరు ఎక్కించడం తప్ప ఇంకేదీ తెరుచుకోదు. ఎవరి కట్టో దానికి కట్టిన చీటీ మీద ఎలాగూ ఉంటది. పాలకి లేవడానికీ మేనేజర్ ఒప్పుకున్నారు."

"సూపర్‌వైజర్‌కి చెప్పావా?" అంది పొన్నుత్తాయి.

"చెప్పా."

"కసిరాడా?"

"అమ్మా!"

"నీ కూతురు కలెక్టరైనా ఇట్టాగే అడుగుతావక్కా," అని ఎదురు సీటు ఆమె నవ్వింది. బల్లంతా నవ్వింది, రాసాత్తి తప్ప.

పొన్నుత్తాయి గొంతు తగ్గించింది. "పిల్ల లేచే వేళైంది. వెళ్లి రామ్మా."

రాసాత్తి తల ఎత్తలేదు. చేతిలో బనియన్ తిరగేసి దారం కత్తిరించింది. మడత పెట్టింది. కట్టలో సర్దింది, తాడు ముడేసింది. ఇంక ఈ జన్మకి మాట్లాడదు అనుకుంది పొన్నుత్తాయి.

రాసాత్తి లేచి, ఆ కట్టని ఆమె ముందుకి తోసింది.

"నిదానంగా కొట్టక్కా. ఇప్పుడు తాళం పడదంటగా."