సెల్లులుండే చోటు

నాగరత్నంగారికి ఊరికే ఇచ్చేవాళ్లంటే భయం. ఊరికే పట్టుకుపోయేవాళ్లంటే ఇంకా భయం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మూడో అంతస్తులో నలభై రెండేళ్లుగా కాపురం ఉంటున్న ఆవిడకి ఇంతవరకూ ఒక్క దొంగా దొరకలేదు. అంటే దొంగలు లేరని కాదట, తాను కళ్లల్లో ఒత్తులు వేసుకుని కాపలా కాయబట్టే రాలేదట. భర్త పోయి ఆరేళ్లయింది. కొడుకు శశికిరణ్‌కి విశాఖపట్నంలో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వచ్చి వెళ్తాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఉండేది ఆవిడా, కోడలు సుష్మా.

శనివారం పొద్దున్న పదింటికి బెల్లు మోగింది. గుమ్మంలో నీలం చొక్కా వేసుకున్న పాతికేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. మెడలో కార్డు, చంకలో మడిచిన గోనెసంచులు.

"నమస్తే అమ్మా. నా పేరు రజని. పాత కరెంటు సామాన్లు, అయిపోయిన సెల్లులు తీస్కపోతందుకు వచ్చిన. మేడం బుక్ చేసిన్రు."

"ఎంతిస్తారు?" అంది నాగరత్నంగారు, తలుపు గొలుసు తియ్యకుండానే.

"పైసలేం ఇయ్యమమ్మా. గవి చెత్తల పడేస్తే సెల్లుల మందు కారి నేలంత ఖరాబైతది. మేమైతే అన్నీ విడగొట్టి, పనికొచ్చేటివి ఫ్యాక్టరీకి పంపిస్తం."

పాత పేపర్లవాడు కూడా మెట్ల మీద కూర్చుని అరగంట బేరమాడి గానీ కట్ట ముట్టుకోడు. ఈ పిల్ల మూడంతస్తులెక్కి వచ్చి, నేల బాగు కోసం మన చెత్త మోసుకుపోతుందట! నాగరత్నంగారు కార్డు అడిగి తీసుకుని ముందూ వెనకా చదివింది. ఫోటోలో జడ ఉంది, మనిషికి ముడి ఉంది. అది కూడా మనసులో రాసుకుంది.

లోపల్నుంచి సుష్మ వచ్చి తలుపు తీసింది. "రండి. అన్నీ బాల్కనీలో సర్ది పెట్టాను. మంచినీళ్లు కావాలా?"

మంచినీళ్లు కూడానా, అనుకుంది అత్తగారు.

రజని బాల్కనీలోకి వెళ్లింది. నాగరత్నంగారు ఆమె వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. కాలిపోయిన మిక్సీ, రెండు ఇస్త్రీపెట్టెలు, తిరగని టేబుల్ ఫ్యాను, ఒక అట్టపెట్టె. రజని ఏ వస్తువు ముట్టుకుంటే ఆ చేతినే చూసింది. ఆ అమ్మాయి సంచుల ఫోటో తీస్తే, "ఫోటో ఎందుకూ? తలుపు గడియలు పడతాయా అందులో?" అని నిలదీసింది. రికార్డు కోసమని రజని ఓపిగ్గా చెప్పింది. చివరికి ఫోన్ నంబరు అడిగితే సుష్మ, "పగలు నేను ఆఫీసులో ఉంటాను, అత్తయ్యగారి నంబరు రాసుకోండి," అని గబగబా చెప్పేసింది. నాగరత్నంగారికి చిర్రెత్తుకొచ్చింది. ముక్కూ మొహం తెలియని పిల్లకి నంబరు ఇస్తారా ఎవరైనా?

ఇంత కాపలా కాసిన మనిషి ఆ అట్టపెట్టెకేసి మాత్రం చూడలేదు.

ఆ పెట్టె అసలుండాల్సింది అటక మీద. అందులో పనికిరాని రిమోట్లు, తెగిన వైర్లు, వాటి అడుగున భర్త తాలూకు పాత ట్రాన్సిస్టర్. ట్రాన్సిస్టర్ వెనక మూత తీస్తే నాలుగు లావు సెల్లులుండే చోటు. అక్కడ సెల్లులు లేవు. పసుపు గుడ్డలో చుట్టిన ఏడు కాసుల రెండు పేటల గొలుసు ఉంది. అది నాగరత్నంగారికి పుట్టింటివాళ్లు పెట్టింది. మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం సుష్మ, "అత్తయ్యా, ఆ గొలుసు ఇంట్లో ఎందుకు, లాకర్లో పెడదామా?" అని మామూలుగా అడిగింది. అడిగి మర్చిపోయింది. నాగరత్నంగారు మర్చిపోలేదు. సుష్మ అటు బజారుకి వెళ్లగానే ఇటు స్టూలెక్కింది. ఏ దొంగ మాత్రం చెత్తపెట్టెలో వెతుకుతాడు? పైగా మోగని రేడియోలో? తన తెలివికి తానే మురిసిపోయింది.

మరి ఆ పెట్టె జోలికి వెళ్లొద్దని కోడలికి చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే ఎందుకని అడుగుతుంది. అడిగితే చూస్తుంది. అందుకని చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ ప్రవచనానికి వెళ్లినప్పుడు సుష్మ అటక సర్ది, ఆ పెట్టె దింపి, దాని జాగాలో సూట్‌కేసు పెట్టింది. శనివారం రజని ఆ పెట్టెని గోనెసంచిలో వేసుకుని మూడంతస్తులూ దిగి వెళ్లిపోయింది. నాగరత్నంగారు బాల్కనీలోంచి ఆటో కదిలేదాకా చూసి, చెప్పులన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకుని, నిశ్చింతగా కాఫీ తాగింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అమ్మా, నేను రజనిని. శనివారం వచ్చినగదా. మీ సామాన్ల ఒక వస్తువు దొరికింది. అది మీదేనా, ఏం వస్తువో జర మీరే చెప్పున్రి..."

నాగరత్నంగారికి ఒళ్లు మండిపోయింది. టీవీలో చెబుతూనే ఉన్నారు, మీ పేరు మీద ఏదో దొరికిందని ఫోన్ చేస్తారు, మాటల్లో పెడతారు, ఇల్లు ఊడ్చేస్తారని. "పోలీసులకి పట్టిస్తాను, ఏవనుకున్నావో!" అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ మోగితే మళ్లీ తిట్టింది. మూడోసారి వేరే నంబరు నుంచి వస్తే ఆ నంబరునీ రానివ్వకుండా చేసేసింది. అంతటితో ఊరుకోక కిందికి దిగి వాచ్‌మన్ బాలమల్లుకి చెప్పింది. "ఆ నీలం చొక్కా పిల్ల వస్తే గేటు దాటనివ్వకు."

మంగళవారం రజని రానే వచ్చింది. బాలమల్లు గేటు దాటనివ్వలేదు.

బుధవారం పొద్దున్న కరెంటు బిల్లు తెచ్చిచ్చిన బాలమల్లు, "నిన్న ఆ పిల్ల వచ్చిందమ్మా. మీరు చెప్పినట్టే ఎల్లగొట్టిన," అన్నాడు.

"మంచి పని చేశావు. ఏవంటుంది?"

"ఏందో పాత రేడియో ముచ్చట మాట్లాడాలె అన్నది. నేనైతే ఇననేలే."

నాగరత్నంగారు లోపలికి పరిగెత్తింది. సుష్మ అప్పటికే ఆఫీసుకి వెళ్లిపోయింది. ఆవిడ స్టూలెక్కింది. అటక మీద సూట్‌కేసు ఉంది. దాని వెనక ఏమీ లేదు.

మనిషన్నాక ఇక్కడైనా తన తప్పు తట్టాలి. ఆవిడకి తట్టలేదు. ఆ పిల్ల గొలుసు కాజేసిందని ఖాయం చేసుకుంది. మరి కాజేసిన మనిషి ఫోన్ ఎందుకు చేస్తుంది? బెదిరించి ఇంకా గుంజడానికి. మరి ఇంటికెందుకొస్తుంది? ఇంకేమున్నాయో చూసి పోవడానికి. అన్నిటికీ ఆవిడ దగ్గర సమాధానం ఉంది. ఒక్కదానికే లేదు, సుష్మకి ఏమని చెప్పాలి?

ఫోన్ చేసి ఏడ్చింది. "ఎంత పని చేశావే సుష్మా! అటక మీద పెట్టెలో మీ మావయ్యగారి రేడియో ఉంది. ఆయన జ్ఞాపకం అదొక్కటే."

"అయ్యో, నేను చూసుకోలేదు అత్తయ్యా. ఏడవకండి. సెలవు పెట్టి వస్తున్నా," అంది సుష్మ.

గంటలో వచ్చింది. స్కూటరు మీద అత్తగారిని కూర్చోబెట్టుకుని బయల్దేరింది. దారి పొడవునా, "మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఇవ్వాల్సింది అత్తయ్యా, బుద్ధి లేకపోయింది నాకు," అని నొచ్చుకుంటూనే ఉంది. నాగరత్నంగారు వెనక కూర్చుని, ఆ షెడ్డులో కోడలి కంట పడకుండా గొలుసు ఎలా చేజిక్కించుకోవాలా అని ఆలోచించింది.

నాంపల్లి స్టేషన్ దాటాక ఒక ఇరుకు సందులో రేకుల షెడ్డు. లోపల వరసగా బల్లలు, వాటి ముందు చేతులకి తొడుగులేసుకున్న ఆడవాళ్లు. ఒకామె రిమోట్ల మూతలు తీసి సెల్లులు వేరు చేస్తోంది. ఇంకొకామె ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీని పళ్లెంలో పెట్టుకుని మెల్లగా తీసుకెళ్లి ఇసుక బకెట్లో పెట్టింది. రజని చివరి బల్ల దగ్గర ఉంది.

"ఏమ్మాయ్! నా వస్తువు ఏం చేశావు?" నాగరత్నంగారి గొంతుకి షెడ్డంతా తలెత్తి చూసింది.

రజని లేచి నిలబడింది. "వచ్చిన్రా అమ్మా!" అంది ముందు, బరువు దింపుకున్నట్టు. తర్వాత ఆమె గొంతు మారింది. "మూడుసార్లు ఫోన్ చేసిన. ఇంటికొస్తే వాచ్‌మన్ తరిమిండు. దొంగనైతే గిట్ల మీ ఎంట తిరుగుతనా? ఆ వస్తువు దొరికిన కాంచి, ఇంక ఏమన్న తీసినవా అని గీడ అందరు నన్నే అడుగుతున్నరు. దినాం నా బ్యాగు చూసినంకనే ఇంటికి పంపుతున్నరు."

గదిలోంచి మేనేజరు సురేందర్ వచ్చాడు. సామాను ఏదొచ్చినా ముందు సెల్లులు తీయడం ఇక్కడి పద్ధతి, అలా తీస్తుంటేనే దొరికిందన్నాడు. "రేపటి దాకా ఎవరు రాకపోతే పోలీస్ స్టేషన్ల అప్పజెప్పేటోళ్లం. వస్తువు ఏందో మీరే చెప్పాలమ్మా. మేం ముందుగాల చెప్పం."

"వస్తువేంటండీ? మేం రేడియో కోసం వచ్చాం," అంది సుష్మ.

నాగరత్నంగారు గుమ్మంకేసి చెయ్యి చూపించింది. "సుష్మా, ఎండగా ఉంది కదే. నువ్వెళ్లి స్కూటరు నీడలో పెట్టు."

"ఇంటోళ్లు ఒకరు సాక్షి సంతకం పెట్టాలె. మేడం ఉండాలె," అన్నాడు సురేందర్.

రజని రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుంది. నాగరత్నంగారు కొంగుతో మొహం తుడుచుకుంది. తప్పించుకునే దారి ఎటూ కనిపించలేదు.

"గొలుసు," అంది.

"జర గట్టిగ చెప్పున్రి అమ్మా."

"గొలుసు. రెండు పేటలది. కొక్కెం దగ్గర ఎర్ర రాయి ఉంటుంది. పసుపు గుడ్డలో చుట్టాను."

సుష్మ అత్తగారికేసి తిరిగింది.

"రేడియోల ఎన్నేండ్ల సంది ఉన్నది?"

"మూడేళ్లు."

మూడేళ్లు, అని సుష్మ పెదవులు కదిలాయి. మూడేళ్ల క్రితం ఏమడిగిందో ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. చేతిలో ఉన్న హెల్మెట్ బల్ల మీద పెట్టింది.

"దాచిన ముచ్చట ఇంట్ల ఎవరికి ఎరుక?"

"ఎవరికీ చెప్పలేదు," అంది నాగరత్నంగారు. ఇంత సిగ్గు ఆవిడ జన్మలో పడలేదు. తాను పోలీసులకి పట్టిస్తానన్న పిల్ల ఎదురుగా కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసుకుంటోంది. రేడియో పోయిందని సెలవు పెట్టుకుని పరిగెత్తుకొచ్చిన పిల్ల పక్కన నిలబడి వింటోంది.

సురేందర్ బీరువా తీసి, సీలు వేసిన కవరు తెచ్చి వాళ్ల ముందే కత్తిరించాడు. గొలుసు చేతిలో పడగానే నాగరత్నంగారు దాన్ని గుప్పిట్లో బిగించింది. మూడేళ్లలో ఆ స్పర్శ తెలియడం ఇదే మొదలు. సంతోషంగా ఉంటుందనుకుంది. లేదు.

సుష్మ సాక్షి సంతకం చేసింది. రజని పేజీ తిప్పి, "ఒక్కటి రాయలేదు మేడం. మీ ఇంట్ల ఎవరెవరు ఉంటరు?" అని అడిగింది. పాపం, అది రిజిస్టరులో ఉన్న ప్రశ్నే.

గొలుసు ఎవరి నుంచి దాచిందో తేలిపోతుందని నాగరత్నంగారు పనిమనిషి పేరు చెబుదామనుకుంది. పనిమనిషి లేదు. కొడుకు పేరు చెబుదామనుకుంది.

"ఇంకెవరూ లేరండీ," అంది సుష్మ. "ఆవిడా, నేనూ."

రజని పెన్ను ఒక్క క్షణం ఆగింది. అత్తగారి మొహం చూసి, కోడలి మొహం చూసి, తల దించుకుంది. సుష్మ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండునని నాగరత్నంగారికి అనిపించింది. "అది కాదే సుష్మా, నేను..." అంటూ గొలుసున్న గుప్పిటిని కొంగు కిందికి తోసుకుంది.

రజని ఆ గడిలో ఇద్దరు అని రాసి, రిజిస్టరు మూసింది.