గొలుసు ప్రార్థనలో నా గంట

మా దెందులూరు సంఘంలో గొలుసు ప్రార్థన అని ఒకటుంది. రోజంతా ఒకరి తర్వాత ఒకరు, ఎవరింట్లో వాళ్లు గంటసేపు మోకరించి, వాక్యం చదివి, ప్రార్థన చేసి, తర్వాతి వాళ్లకి ఫోన్‌లో అప్పగించాలి. మధ్యలో తెగకూడదు. ఈసారి గొలుసు మా అన్నయ్య కూతురు పింకీ కోసం. ఏలూరు ఆసుపత్రిలో ఆ పిల్లకి పొద్దున్న ఏడింటికి కంటి ఆపరేషన్. ముందురోజు నా కొంగు పట్టుకుని, లోపలికి తీసుకెళ్లే ముందు గంట నువ్వే తీసుకో అత్తా, అంది.

కాదంటానా! తీసుకున్నాక గుర్తొచ్చింది, మా చేపల చెరువు పట్టుబడి కూడా ఆ పొద్దున్నే. వల లాగేవాళ్లకి టిఫిన్ నేనే వండాలి.

మోకరించి కళ్లు మూశాను. ప్రభువా, పింకీ కన్ను... ఉప్మాలో ఉప్పు వేశానా? లేచి చూశాను. వేశాను. మళ్లీ మోకరించాను. వేసింది ఒకసారా, రెండుసార్లా? మళ్లీ లేచాను. సాతానుకి వేరే చోటు దేనికి, నా వంటగది ఉందిగా.

సరే, ముందు వాక్యం చదువుదామని కూర్చున్నాను. బైబిలు తెరిచి వేలు పెట్టానో లేదో ఫోన్ మోగింది. సంఘంలో అందరికీ వదినైన జెస్సీ వదిన, సంఘం గ్రూపులో గులాబీల మీద వాక్యం రాసున్న ఫొటో పెట్టింది. ఆవిడ పెడితే అందరూ ఆమెన్ కొట్టాలి. కొట్టకపోతే ఆదివారం చర్చి గుమ్మంలో నిలబెట్టి, ఒంట్లో బాగోలేదా హెప్సిబా గారూ, అని ఆరా తీస్తుంది. కొట్టాను. తామరపూలు వచ్చాయి. కొట్టాను. తర్వాత సూర్యోదయం, పావురం. చదవాల్సిన వాక్యం ఒళ్లోనే ఉండిపోయింది.

పావురం తర్వాత వచ్చినదానికి చూడకుండానే ఆమెన్ కొట్టేశాను. తీరా అది చెరువుగట్టు నుంచి మా ఆయన పెట్టింది. ఐసు లారీ బురదలో దిగబడిపోయిందట. వెంటనే ఫోన్ చేశారు. అరవలేదు గానీ, నా మీద ఇంత కక్ష ఉందనుకోలేదు అన్నారు. ఆయన్ని ఊరడించేసరికి నా గంటలో సగం పోయింది.

ఇంతలో పక్కింటి వెంకటనరసమ్మ గారు కరివేపాకు కోసం వచ్చారు. మోకాళ్ల మీదున్న నన్ను చూసి, ఏం పడిపోయిందోనని తనూ వంగి వెతికారు. పింకీ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడకీ కంటి ఆపరేషన్ అయింది. చుక్కల మందు దగ్గర్నుంచి నల్లకళ్లద్దాల దాకా అంతా చెప్పి, మీ దేవుడికి నా మాటగా కూడా చెప్పమ్మా అని, కరివేపాకు మర్చిపోయి వెళ్లారు. మళ్లీ వచ్చారు.

గడియారం చూస్తే ఏడు కావొస్తోంది. ముందు ఒళ్లు మండింది, తర్వాత భయమేసింది. అంతమంది నిద్ర మానుకుని పట్టుకొచ్చిన గొలుసు నా చేతిలోకి వచ్చి తెగిపోయింది. ఆ పిల్లేమో నన్నే నమ్ముకుని ఒక్కతే లోపలికి వెళ్తుంది. లేచి తలుపు గడియ పెట్టాను. అప్పుడు ఫోన్ మళ్లీ మోగింది. విసిరికొట్టబోతూ చూస్తే అన్నయ్య నంబరు. మాట్లాడింది మాత్రం పింకీ.

"అత్తా, తీసుకెళ్తున్నారు. నా ప్రార్థన అయిపోయిందా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ గొంతు విన్నాక చెప్పలేకపోయాను.

"లేదమ్మా, ఒక్క ముక్క కూడా చెయ్యలేదు. ఇప్పుడు చేస్తాను, కళ్లు మూసుకో."

ప్రభువా, అన్నాను. పింకీ, అన్నాను. అంతే, ఏడ్చేశాను.

పోన్లే అత్తా, నేనే చేస్తాలే, అని గబగబా మొదలుపెట్టింది.

"ప్రభువా, మా అత్తకి పనులెక్కువండి. కాస్త తీరిక ఇవ్వండి. నేను లోపలున్నంతసేపు ఇస్తే చాలు."