పన్నెండు వేల అడుగుల మంచె

ముక్తినాథ్ యాత్ర బస్సులో సీటు నిలవాలంటే ముందు మంచె ఎక్కి దిగాల్సిందేనని వెంకటనారాయణ తేల్చి చెప్పాడు.

ఆయన కాలువల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. కొలవనిదే మజ్జిగ కూడా తాగడు. దుమ్ముగూడెం చుట్టుపక్కల నుంచి పదిహేను మందిని నేపాలు తీసుకెళ్ళి, పదిహేను మందినీ ప్రాణాలతో వెనక్కి తేవాలన్నది ఆయన పట్టుదల. ఏదో యాత్రా పుస్తకంలో చదివాడు: కొండల్లో గాలి పలచన, తల తిరిగి పడిపోతారు, అందుకని ఎత్తుకు కొంచెం కొంచెంగా అలవాటు పడాలి. ముక్తినాథ్ పన్నెండు వేల అడుగుల ఎత్తు. మన చేలల్లో మంచె పది అడుగులు. పన్నెండు వందల సార్లు ఎక్కితే ముక్తినాథ్ ఎక్కినట్టే. శివరాత్రి మర్నాటి నుంచి రోజుకు ముప్ఫై చొప్పున నలభై రోజులు. లెక్క అంత శుభ్రంగా తేలేసరికి అందరూ తలలూపారు.

"లెక్క పూర్తి చేయని వాళ్ళని బస్సెక్కించను. పరాయి దేశంలో శవాన్ని మోసే ఓపిక నాకు లేదు" అన్నాడు.

అంటున్నప్పుడు ఆయన చూపు బుల్లెమ్మ మోకాళ్ళ మీద ఉంది.

బుల్లెమ్మకు యాభై తొమ్మిదేళ్ళు. కృష్ణా జిల్లా నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఇక్కడికి వచ్చిన నాటి నుంచి గోదావరి అవతలి కొండలను చూస్తూనే ఉంది. కళ్ళాపి చల్లుతూ చూసింది, మిరపకాయలు ఎండబోస్తూ చూసింది. ఒక్కటీ ఎక్కలేదు. "కొండ మీద ఏముంది, రాళ్ళు" అనేవాడు భర్త. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ రాళ్ళనే ఒక్కసారి పైనుంచి చూడాలని ఆమెకు. రాళ్ళు చూస్తానంటే నవ్వుతారు, దేవుణ్ణి చూస్తానంటే ఎవరూ అడ్డు చెప్పరు. అందుకని యాత్రలో పేరు రాయించింది.

ఆ పేరు కొట్టేస్తే ఆ చోట కూర్చోవడానికి గంగయ్య సిద్ధంగా ఉన్నాడు. వెంకటనారాయణకు స్వయానా బావమరిది. ఎవరు తప్పుకున్నా ఆ సీటు అతనిదేనని ముందే ఒప్పందం. అందుకని అతనూ మంచె ఎక్కుతూ, మధ్య మధ్య అందరి చేల గట్ల మీదా తిరిగి పరామర్శించేవాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయక్కయ్యా?"

"నీ కళ్ళు పడనంత వరకూ బాగానే ఉన్నాయిరా."

ఎటు చూసినా నిచ్చెనల మీద మనుషులే. సుబ్బరత్నం సహస్రనామం చదువుతూ ఎక్కి, ఎక్కడ ఆపిందో మరిచిపోయి దిగేది. వెంకటప్పయ్య ఎక్కేటప్పుడు ఉన్ని టోపీ పెట్టుకుని దిగేటప్పుడు తీసేసేవాడు, పైన చలి గదా. అడవి పందులు ఆ నెల జొన్నచేల వైపు రాలేదు. వాటికీ ఏదో అనుమానం వచ్చి ఉంటుంది.

బుల్లెమ్మ చేలో మంచె సక్రిది. అంటే చేను బుల్లెమ్మదే గాని, తండా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా పంటకు కాపలా ఉండేది సక్రి. మొదటి రోజు బుల్లెమ్మ రెండుసార్లు ఎక్కి దిగింది. మూడోసారి ఎక్కాక కుడి మోకాలు కొయ్యలా బిగుసుకుపోయింది.

"ఇప్పుడెట్లనమ్మా?" కింద నుంచి అడిగింది సక్రి.

"ఇట్లాగేనే. నాలుగు మెతుకులు తాడుకు కట్టి పంపు."

"దిగవా ఏంది?"

"దిగితే మళ్ళీ ఎక్కలేను. నేను ఎక్కకపోతే గంగయ్య ఎక్కుతాడు బస్సు."

అలా ఉండిపోయింది. అన్నం, నీళ్ళు, దుప్పటి అన్నీ తాడు మీదే వెళ్ళాయి. ఒక బొక్కెన కూడా వెళ్ళింది. అది ఆడవాళ్ళ సంగతి, వదిలేద్దాం. సక్రి కింద గడ్డి పరుచుకుని పడుకునేది. రోజూ సాయంత్రం వెంకటనారాయణ గట్టు మీద నిలబడి కేకేసేవాడు.

"ఎక్కావా చెల్లెమ్మా?"

"పైనే ఉన్నాను గదా అన్నయ్యగారూ!"

ఆయన జాబితాలో ముప్ఫై వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఇరవై ఎనిమిదో రోజున ఆ చేలో జొన్న కోశారు. పైరు పోయేసరికి నిచ్చెన బయటపడింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య సాలీడు తీరుబడిగా గూడు కట్టుకుని ఉంది. గంగయ్య ఒక్క పరుగున వెళ్ళి బావను, మిగతా యాత్రికులను వెంటబెట్టుకొచ్చాడు.

"చూడు బావా! మొదటి రోజు నేను చూసిన మూడే ఈవిడ ఎక్కింది. రాసుకో, ముప్ఫై అడుగులు. నేను ఎనిమిది వందల నలభై సార్లు ఎక్కాను."

వెంకటనారాయణ జాబితా తెరిచి పెన్సిలు తీశాడు.

"అయ్యా, ఒక్క మాట" అంది సక్రి. "గంగయ్య సారు గన్ని సార్లు ఎక్కిండు, మంచిదే. దిగింది ఎన్నిసార్లు?"

"అదేం ప్రశ్న? ఎనిమిది వందల నలభై" అన్నాడు గంగయ్య.

"మరి మిగిలిందేంది?"

గంగయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సక్రి ఆగలేదు.

"బాయి తవ్వి, తీసిన మట్టి మళ్ల అండ్లనే పోస్తే బాయి అయితదా అయ్యా? మీరంతా ఎక్కిన పదడుగులు దిగి ఈడనే పారేసి ఇంటికి పోతున్రు. మా అమ్మ ఒక్కతే దాసుకున్నది."

ఆ మాట ఓవర్సీరుకు తగలాల్సిన చోట తగిలింది. ముప్ఫై ఏళ్ళు కాలువ కట్టల మీద మట్టి కొలిచినవాడు. తవ్వి పూడ్చిన మట్టికి ఏనాడూ బిల్లు రాయలేదు. గట్టు మీద కూలబడి కూడికలు, తీసివేతలు వేశాడు. మళ్ళీ వేశాడు.

"బుల్లెమ్మ, పది అడుగులు" అని చదివాడు నీరసంగా. "మిగతా అందరూ సున్నా. నేను కూడా."

"పన్నెండు వేలకు పదేం సరిపోతుంది బావా?"

"నీ సున్నా కన్నా ఎక్కువే కదరా!"

ఆ సాయంత్రమే పద్నాలుగు మందీ మూటలతో మంచెలెక్కారు. ఎక్కినవాళ్ళు మళ్ళీ దిగలేదు. గంగయ్య కూడా బావ చేలో పాత మంచె ఒకటి చూసుకుని ఎక్కాడు. మిగిలిన పన్నెండు రోజులూ యాత్ర సంఘం సమావేశాలు చేలకు అడ్డంగా కేకల మీదే జరిగాయి. శనగపిండి ఎంత తేవాలని ఒకరు అరిస్తే జవాబు మూడు చేలు దాటి వచ్చేది.

ప్రయాణం రోజు ఖమ్మం నుంచి బస్సు వచ్చింది. అప్పుడు పడింది అసలు చిక్కు: బస్సెక్కాలంటే దిగాలి, దిగితే సున్నా. వెంకటనారాయణ తన మంచె మీద నుంచే టేపు కిందికి వదిలి బస్సు కొలిపించాడు. టాపు మీది కటకటాలతో కలిపి పది అడుగుల రెండంగుళాలు.

"రెండంగుళాలు లాభం" అని రాసుకున్నాడు. "బస్సును చేలోకి పోనీయ్."

డ్రైవరు భద్రు తల గీరుకుంటూ మంచె మంచెకూ బస్సు ఆనించాడు. అందరూ టాపు మీదికి మారారు. పరుపులు, పప్పు మూటలు లోపలికి వెళ్ళాయి.

"సామాను సీట్ల మీద, మనుషులు టాపు మీదనా? గిదేం యాత్రయ్యా?" అన్నాడు భద్రు.

"సేఫ్టీ" అన్నాడు వెంకటనారాయణ పైనుంచి.

చివరిది బుల్లెమ్మ మంచె. బిగిసిన కాలు వంచే పనే లేకపోయింది. ఒక్క అడుగు వేసింది, బస్సు మీద ఉంది. కటకటాలు పట్టుకుని నిలబడి కిందికి చూసింది. సక్రి ఖాళీ తాడు చేతికి చుట్టుకుంటోంది.

"సక్రీ, లోపల నా సీటు ఖాళీగానే ఉందే. రా."

"నేనేడికమ్మా? నేనెన్ని సార్లు ఎక్కిన్నో అన్ని సార్లు దిగిన. నాది పెద్ద సున్నా."

"అన్నయ్యగారూ, సున్నా వాళ్ళు లోపల కూర్చోవచ్చా?"

వెంకటనారాయణ పుస్తకమంతా తిరగేశాడు. "లోపల కూర్చునేవాళ్ళకు ఎత్తు అక్కర్లేదు. అక్కడికి వెళ్ళాక చూద్దాం" అన్నాడు.

ఆ మాట గంగయ్య చెవిన పడింది. జాబితాలో పేరు లేదు కాబట్టి బస్సు అతని మంచె దగ్గర ఆగలేదు. గబగబా నిచ్చెన దిగి కోసిన జొన్న మోళ్ళ మీద చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తున్నాడు. "ఆగండి! నాదీ సున్నానే! నాదీ సున్నానే!"

సక్రి అతన్ని చూసింది, బస్సును చూసింది.

"పూలీ! మేకలు చూసుకో!" అని తండా వైపు కోడలికి ఒక కేక వేసి, పైట నడుముకు బిగించి, లోపలికెక్కి పప్పు మూట పక్కన కిటికీ దగ్గర కూర్చుంది.

బుల్లెమ్మ బాగున్న కాలితో టాపు మీద గట్టిగా తన్నింది.

"పోనీయ్ భద్రూ, జల్దీ!"