పూత మీద మందు

తేనెక్క గట్టు దాటి తమ్ముడి పుచ్చతోటలోకి వచ్చేసరికి మందు కొట్టడం సగం అయిపోయింది. ఎండ ఇంకా ముదరలేదు. పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి. ఆమె పెంచే తేనెటీగలు పూలమీద ఉండగానే అతను పైపు పట్టుకుని చిమ్ముతున్నాడు. ఆమె నేరుగా వెళ్లి మోటారు ఆపేసింది.

పుచ్చపూలు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయనీ, మందు తప్పదనుకుంటే సాయంత్రం కొట్టుకోమనీ, ముందుగా చెబితే తేనెపెట్టెలు మూసుకుంటాననీ ఇదివరకే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అప్పుడు తలూపాడు. తీరా సాయంత్రం పేకాట ఉందని పొద్దున్నే మొదలుపెట్టాడు.

“ఈగలే కదక్కా. నాలుగు పోతే నలభై పుడతాయి,” అని నవ్వాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి గట్టుమీది పెట్టెల ముందు నిలబెట్టింది. ఈగలు నేలమీద గిరగిరా తిరుగుతూ, నాలుకలు చాచి చస్తున్నాయి. బతికున్నవి చచ్చినవాటిని గుమ్మంలోంచి బయటికి ఈడ్చి పడేస్తున్నాయి.

“చూడు. తల తిప్పావో, నీకూ నాకూ ఇక మాటల్లేవు.”

అతను తల తిప్పాడు.

పొద్దు వాలి ఈగలు గూటికి చేరాక, మిగిలిన పెట్టెల్ని వ్యానెక్కించి దూరంగా స్నేహితురాలి తోటకు తరలించింది. మరదలు బతిమాలినా ఆగలేదు.

తర్వాతి పంటకు తోటంతా పూతే. పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోయాయి. నిలిచిన ఒకటీ అరా వంకరటింకరగా ఊరాయి. గట్టు పొదల్లో ఉండే అడవి ఈగలూ ఆ మందుకే పోయాయి మరి. తమ్ముడు పెట్టెలు కావాలంటూ అక్క గుమ్మంలోకి వచ్చాడు.

“మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాసుకో. ఒక్కోదానికీ నువ్వే రాయి,” అని తలుపేసింది.

మొగుడూ పెళ్లాం నడుములు పడిపోయేలా రాశారు. తోటలో ఓ మూల కూడా పూర్తికాకుండానే పూలు ముడుచుకుపోయాయి. మర్నాడు మళ్లీ వచ్చాడు. తప్పు తనదేననీ, పూతమీద ఇక మందు కొట్టననీ తలొంచుకుని చెప్పాడు. వెనక మరదలు కళ్లు తుడుచుకుంటోంది.

తేనెక్క పెట్టెలు తెచ్చి గట్టుమీద పెట్టింది. మందు కొట్టే మోటారు మాత్రం పట్టుకెళ్లి తన ఇంట్లో పెట్టి తాళం వేసుకుంది. పిందెలు నిలిచాయి. కాయ కోతనాడు తమ్ముడు అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. ఆమె కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ ఆమెకు లేదు.