ఒట్టి ఫ్లాష్

సిరోంచ ఫోటోగ్రాఫర్ రాజలింగుకు అన్నం పెట్టింది ఎడమచేతి బొటనవేలు. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి పక్కన నిలబడి ఫోటో దిగాలనేవాళ్ళకు అంతు ఉండదు. రీలుకు ఉంటుంది. అందుకని మేనత్తలూ పెదనాన్నలూ వరసకట్టినప్పుడు రాజలింగు కెమెరా బటన్ ముట్టుకోడు. కెమెరా పక్కన బిగించిన ఫ్లాష్ వెనకాల, అది పనిచేస్తుందో లేదో చూసుకునేందుకు చిన్న బటన్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కుతాడు. మెరుపు వస్తుంది, ఫోటో రాదు. మెరుపు చూసినవాళ్ళు తృప్తిగా భోజనానికి పోతారు. తర్వాత ఎవరైనా వచ్చి ఫోటో అడిగితే, "నువ్వు కండ్లు మూసుకున్నవక్కా, ఖరాబైంది" అంటాడు. మూసుకోలేదని ఒట్టువేసి చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకు రాలేదు.

1985లో చలికాలం చివర, చంద్రపూర్‌లో అడవి పక్షుల రంగు ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని రేంజర్ సాహెబ్ చెప్పాడు. రాచిలుక ఫోటో ఇంకా ఎవరూ ఇవ్వలేదట. రెక్క మొదట్లో ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక అది. "నేను తెస్త సాహెబ్" అన్నాడు రాజలింగు. సాయంత్రానికల్లా బజారంతా ఆ మాట చెప్పుకొచ్చాడు. మంచిర్యాలలో కలర్ స్టూడియో నడిపే అతని బావ బాబురావు పడవలో ప్రాణహిత దాటి వచ్చినప్పుడు అతనికీ చెప్పాడు.

"చిలుకనా? పాస్‌పోర్ట్ ఫోటోకు మనిషినే నువ్వు కుదురుగ కూసోబెట్టలేవు" అన్నాడు బాబురావు.

"పెద్ద లెన్సు ఇస్తవా ఇయ్యవా, గది చెప్పు బావా."

"ఇస్త. ఒక రంగు రీలు గుడ ఇస్త. ఉట్టిచేతుల్తోని వస్తె మాత్రం, నీ స్టూడియో పర్ద మీద కోడిలెక్క ఒక చిలుక ఉన్నది సూడు, దాన్నే ఫోటో తీసి చంద్రపూర్ పంపు."

ఫోటో దిగేవాళ్ళ వెనకాల కట్టే ఆ పర్దా మీది చిలుకను పెయింటర్ వేశాడు. అది కోడిలా ఉందని రాజలింగుకు తెలుసు. ఇతరులకూ తెలుసునని మాత్రం ఆ రోజే తెలిసింది.

బావ సంచిలోంచి తీసిచ్చిన పెద్ద లెన్సు, రంగు రీలు పట్టుకుని మర్నాడు పొద్దున బస్సులో అంకిస వెళ్ళాడు. బస్సు దిగినచోట కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. రీలు చిలుకల కోసమే అనుకుని దాని కింది నుంచే నడిచిపోయాడు. గోదావరి ఒడ్డున నర్సక్క జొన్నచేను కోతకు దగ్గరగా ఉంది. చేను మధ్య మంచె, మంచె మీద నర్సక్క, ఆమె చేతిలో తిప్పి రాయి విసిరే ఒడిసెల. రాచిలుకలు వచ్చేది ఆ చేనుకే.

"అక్కా, జరసేపు ఆ ఒడిసెల పక్కకు పెట్టు" అన్నాడు రాజలింగు.

"పెడితె నా జొన్నలు ఎవడు కాస్తడు, మీ బావనా?"

"ఒక్క ఫోటో అక్కా. చంద్రపూర్ల పెడ్తరు."

నర్సక్క ఆలోచించింది. "ఒక్క మందను దిగనిస్త. ఎంటనే తీస్కోవాలె. అవి కొరుకుడు సురువు జేసినంక నా చెయ్యి నా మాట ఇనది. ఇంకోటి, నా ఫోటో గుడ తియ్యాలె. మా చెల్లె బిడ్డ లగ్గంల తీస్తివి, కండ్లు మూసుకున్న అంటివి."

"ఇయ్యాల మంచిగ తీస్తనక్కా" అని రాజలింగు మంచె మీది నర్సక్కకు ఒక ఒట్టి ఫ్లాష్ కొట్టాడు.

మెరుపు పక్క చేలకు కనిపించింది. దేవయ్య అనే ముసలాయన ఎద్దును తోలుకొచ్చి, దాని మూతి తన తలగుడ్డతో తుడిచి, పక్కన నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకా ముప్పై మంది దాకా వచ్చారు. రాజలింగు ఎవరినీ కాదనలేదు. ఎద్దుకు కూడా విడిగా ఒక మెరుపు ఇచ్చాడు. రీలు కదలకుండా అలాగే ఉంది. తర్వాత అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి, నోరు మెదపవద్దని చెప్పి, ఇప్పచెట్టు నీడలో నిలబడ్డాడు.

చిలుకలు నది మీదుగా వచ్చాయి. దగ్గరి కంకుల మీద వాలాయి. వాటిలో పెద్దది ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కంకిని పట్టుకుని, రాజలింగు వైపు తిరిగింది. ఎర్ర ముక్కు, మెడ చుట్టూ గులాబీ పట్టీ, రెక్క మీద మచ్చ, అన్నీ లెన్సులో ఉన్నాయి. "గట్లనే ఉండు" అన్నాడు రాజలింగు అలవాటు ప్రకారం. అలవాటు ప్రకారమే బొటనవేలు నొక్కింది.

మెరుపు మెరిసింది. మంద లేచి నది దాటిపోయింది. రాజలింగు తన బొటనవేలి వైపు చూశాడు.

"వచ్చిందా?" అంది నర్సక్క.

"రాలె."

"ఏం, కండ్లు మూసుకుందా?"

రాజలింగు కెమెరా దించాడు. దేవయ్య గట్టు మీంచి లేచాడు.

"మెరిసింది గని టక్కుమనలె. కెమెర అన్నంక టక్కుమనాలె గద?"

పెళ్ళిళ్ళలో బ్యాండు మోగుతుంది. ఇక్కడ రాజలింగే అందరి నోళ్ళూ మూయించాడు.

"మరి నాది టక్కుమన్నదా?" అంది నర్సక్క. "లగ్గంల?"

అందరూ రాజలింగు వైపు చూశారు. అతను లెన్సు తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"పొద్దుమీకి ఇంకో మంద వస్తది" అంది నర్సక్క ఒడిసెల సవరించుకుంటూ. "దిగనియ్యాల్నా, వద్దా?"

"దిగనియ్యక్కా."

"అయితె టక్కుమనిపియ్యి. దేవయ్య మామ కాంచి సురువు చెయ్యి. నాది ఆఖర్ల."

ఒక్కొక్కరూ చెవి కెమెరా వైపు పెట్టి నిలబడ్డారు. టక్కుమన్నాకే కదిలారు. దేవయ్య, ఎద్దుకూ విడిగా టక్కుమనాల్సిందేనన్నాడు. సాయంత్రం మంద నది మీద కనిపించేసరికి రీలులో ఒక్క ఫోటో మిగిలింది. నర్సక్క తల దువ్వుకుని మంచె మీద సిద్ధంగా ఉంది.

చిలుకలు మంచె ముందే దిగాయి. రాజలింగు కెమెరాను చిలుకల మీద పెట్టాడు. తర్వాత నర్సక్క మీద పెట్టాడు. మళ్ళీ చిలుకల మీదికి తెచ్చాడు.

"ఏది తీస్తవో నీ ఇష్టం" అంది నర్సక్క. కంకులు విరిగే చప్పుడు మొదలైంది. ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. లేచి ఒడిసెల తిప్పింది. మంద ఒక్కసారి లేచింది. రాజలింగు బొటనవేలు మడిచి కుడిచేతి వేలితో నొక్కాడు.

టక్.

ఫోటోను కడిగించి బాబురావే తెచ్చాడు. మధ్యలో నర్సక్క, ఆమె చుట్టూ రెక్కలు విప్పిన రాచిలుకలు, ప్రతి రెక్క మీదా ఎర్ర మచ్చ.

"ఎద్దు గుడ మంచిగ వచ్చింది" అని మాత్రం అన్నాడు బాబురావు.

రేంజర్ సాహెబ్ అడవి పక్షుల్లో మనిషి ఎందుకున్నదని అడిగాడు. ఈమె లేకపోతే అవి లేచేవి కావని రాజలింగు చెప్పాడు. సాహెబ్ ఎర్ర మచ్చలు చూసి ఫోటోను ప్రదర్శనకు తీసుకున్నాడు.

రాజలింగు ఇంకో కాపీ పట్టుకుని అంకిస వెళ్ళాడు.

"నీ ఫోటో చంద్రపూర్ పోయిందక్కా. గని కండ్లు మూసుకున్నవ్."

నర్సక్క మంచె మీంచి నవ్వింది. "ఎప్పుడు జూసినా గదే మాట. ఎవలు నమ్ముతరు?"

రాజలింగు నిచ్చెన ఎక్కి ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"చిలుకలు ఒక్కటి గుడ మూసుకోలె" అంది చివరికి. "ఇంకోటి తియ్యి. టక్కుమనాలె."